రీళ్ల బండి మళ్లీ పలికింది: మామయ్య యెజ్డీ కోసం పద్నాలుగు నెలలు

2023 నవంబర్ 12, దీపావళి. మామయ్య పోయి మూడు నెలలైనా నిండలేదు కాబట్టి ఆ యేడు ఆ ఇంట్లో పండగ లేదు. అత్తయ్య ఒక్కతే ఉంటుందని గుంటూరు నుంచి రేపల్లె పక్కన మా అమ్మమ్మగారి ఊరికి వెళ్లాను. అన్నం వడ్డిస్తూ అత్తయ్య అంది: "పాత ఇనప సామాన్లోడు వచ్చాడమ్మాయ్. బండికి ఆరువేల అయిదొందలు ఇస్తానన్నాడు. వచ్చే ఆదివారం తీసకపోతాడంట."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

తిన్నాననిపించి గొడ్ల పాకలోకి వెళ్లాను. ఓ మూల నీలం పట్టా కింద ఉంది మామయ్య యెజ్డీ మోటారు సైకిల్. పట్టా లాగితే సీటు కింద నుంచి ఎలకలు పారిపోయాయి. టైర్లు గాలి పోయి నేలకి అతుక్కున్నాయి. రెండు సైలెన్సర్ల మీదా తుప్పు పొక్కులు. ట్యాంకు మూత తీస్తే పాత వార్నిష్ డబ్బా వాసన కొట్టింది. కిక్ రాడ్డు లోపలికి నొక్కి, పైకి తిప్పి, కాలు వేశాను. కదల్లేదు. ఒంటి బరువంతా వేసి నిలబడ్డా కదల్లేదు. ఇంజన్ పట్టేసింది.

"వాణ్ణి రావద్దని చెప్పు అత్తయ్యా, బండి నేను తీసుకెళ్తా" అన్నాను. ఓ ముప్పై వేలవుతుంది, రెండు నెలల్లో రోడ్డెక్కుతుంది అనుకున్నాను. డెబ్బై వేలు దాటింది, పద్నాలుగు నెలలు పట్టింది. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ల బండి ఒకటి పట్టా కింద ఉంటే, ఏ పనికి ఎన్నాళ్లు పడుతుందో ముందే తెలుస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మామయ్య ఆ బండి కొన్నది 1987 జనవరిలో, సంక్రాంతి ముందు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఆయన పని రీళ్లు మోయడం. రెండు ఊళ్లలో రెండు సినిమా హాళ్లు, రెండింటికీ కలిపి ఒకటే ప్రింటు. ఒక హాల్లో ఆట మొదలైన గంటకి రెండో హాల్లో మొదలవ్వాలి. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, తెర మీద పదకొండు నిమిషాలు. మొదటి హాల్లో నాలుగైదు రీళ్లు ఆడాక, వాటిని రేకు పెట్టెలో పెట్టి, క్యారియర్ మీద సైకిల్ ట్యూబుతో బిగించి, కాలవ గట్టు మీదుగా రెండో ఊరు చేర్చాలి. దించి, మళ్లీ వెనక్కి వెళ్లి మిగతావి తేవాలి. రోజుకి రెండాటలు, ఆదివారం మూడు. ఇరవై ఏళ్ల పైన చేశాడు.

ఒకసారి నేను రెండో ఊరి హాల్లో ఉన్నాను. ఇంటర్వెల్ అయిపోయింది, రీలు రాలేదు. లైట్లు వేసే ఉంచారు. జనం కుర్చీలు కొడుతున్నారు. బయట వాన. అంతలో దూరంగా కాలవ వైపు నుంచి ఆ చప్పుడు. యెజ్డీకి ఒక్క సిలిండరే అయినా సైలెన్సర్లు రెండు. వాటిల్లోంచి వచ్చే మోత విన్నవాళ్లెవరూ మర్చిపోరు. బోలుగా, లోతుగా, ఎవరో పెద్ద బిందెలో దరువు వేస్తున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు వినపడగానే నేల క్లాసు మొత్తం లేచి ఈలలు. తెర మీద హీరో ఇంకా రాలేదు. ఆ ఈలలన్నీ తడిసి ముద్దై, నెత్తిన గోనె సంచి కప్పుకుని వస్తున్న మా మామయ్యకి. ఆ వానలో పెట్టె మీద మాత్రం చుక్క పడలేదు. తన రెయిన్ కోటు పెట్టెకి కప్పాడు. ఆ రాత్రి నుంచి నాకు వేరే హీరో లేడు.

1990 మే తుఫానుకి మా వైపు స్తంభాలన్నీ పడిపోయి, కరెంటు లేక ఆటలు ఆగిపోతే, అదే క్యారియర్ మీద మంచినీళ్ల డబ్బాలు కట్టుకుని ఊళ్లు తిరిగాడు. దాని గురించి ఆయనెప్పుడూ మాట్లాడలేదు, మాకు వేరేవాళ్లు చెప్పారు.

1992 వేసవిలో నన్ను ఆ కాలవ గట్టు మీదకే తీసుకెళ్లి బండి నేర్పించాడు. నాకు పద్నాలుగు. అమ్మమ్మ గడప మీద కూర్చుని "ఆడపిల్లకి బండేందిరా" అని అరుస్తోంది. ఆయన వినపడనట్టే నన్ను ముందు కూర్చోబెట్టి తాను వెనక కూర్చున్నాడు. యెజ్డీలో కిక్ రాడ్డే గేరు రాడ్డు. స్టార్టయ్యాక దాన్నే ముందుకి దించి గేర్లు వేయాలి. నాకు కాళ్ల మీదే ధ్యాస. "కిందకి చూడబాక అమ్మడూ. చెవితో నడపాలి. అది ఎప్పుడు గేరు అడుగుతుందో అదే చెప్తది" అన్నాడు. నా మొదటి పోస్టింగుకి టీవీయెస్ 50, ఆ తర్వాత స్ప్లెండర్, ఇప్పుడు తొమ్మిదేళ్లుగా బుల్లెట్. రోజూ బడికి పోను రాను నలభై కిలోమీటర్లు. ఇన్నేళ్లలో ఏ బండెక్కినా ఆ మాట విననిదే నేను గేరు మార్చలేదు.

2010 ప్రాంతంలో హాళ్లకి డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాయి. రీళ్లు పోయాయి, ఆయన పనీ పోయింది. 2019లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. అయినా 2022 జనవరిలో ఆర్సీ గడువు అయిపోతుంటే ట్రాలీ ఆటో మాట్లాడుకుని, వెనక బండిని కట్టించి, ముందు డ్రైవరు పక్కన తాను కూర్చుని రవాణా ఆఫీసుకి వెళ్లొచ్చాడు. నడపలేని బండికి మరో అయిదేళ్లు, అంటే 2027 దాకా ఆర్సీ పొడిగించుకున్నాడు. "ఎందుకు మామయ్యా" అని ఫోన్లో అడిగాను. "కాయితం పోతే బండి ఇనుమైపోద్ది అమ్మడూ" అన్నాడు. ఆ రోజు కుర్రాడెవరో మూడో కిక్కుకి స్టార్ట్ చేశాడట. అదే ఆఖరు. 2023 ఆగస్టు 19న ఆయన పోయాడు.

కాయితాలు, మెకానిక్కు, రెండూ ఒకేసారి మొదలుపెట్టాను. ముందు కాయితాల సంగతి.

నేను మేనకోడల్ని. బండి నేరుగా నా పేరు మీదకి రాదు. ఇది నాకు తెలియదు. ముందు చట్ట ప్రకారం వారసురాలైన అత్తయ్య పేరు మీదకి మారాలి, దానికి ఫారం 31. ఆ తర్వాత అత్తయ్య నాకు అమ్మినట్టు ఫారం 29, ఫారం 30. రెండు బదిలీలు, రెండు ఫీజులు. యజమాని పోయిన మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టాలన్నది కూడా నాకు తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది. ఆలస్యానికి రుసుం కట్టాం. పెద్ద మొత్తమేం కాదు కానీ, ఇంట్లో మనిషి పోయిన దుఃఖంలో బండి ఆర్సీ ఎవరికి గుర్తుంటుంది? అందుకే చెప్తున్నా, మరణ ధృవపత్రం తీసుకునేటప్పుడే ఓ నాలుగైదు కాపీలు తీసుకుని బండి పని కూడా అప్పుడే మొదలెట్టండి.

కుటుంబ సభ్యుల ధృవపత్రానికి డిసెంబర్ 6న దరఖాస్తు పెట్టాం, జనవరి 3న చేతికొచ్చింది. మామయ్యకి ఇద్దరు కూతుళ్లు, ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో. బండి అమ్మ పేరు మీదకి మారడానికి తమకి అభ్యంతరం లేదని ఇద్దరూ స్టాంపు కాయితం మీద రాసి, నోటరీ చేయించి పంపారు. చిన్న మరదలు ఆ కాయితంతో పాటు వాళ్ల నాన్న నడిపిస్తుంటే తాను ట్యాంకు మీద కూర్చున్న ఫోటో ఒకటి కవర్లో పెట్టి పంపింది. దాని వెనక ఏమీ రాయలేదు.

ఇంకో చిక్కు పేరు దగ్గర వచ్చింది. ఆర్సీలో మామయ్య ఇంటిపేరు మొదటి అక్షరంతో ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. రెండూ ఒక మనిషేనని ఇంకో అఫిడవిట్.

ఫిబ్రవరి 5న అత్తయ్యని రవాణా ఆఫీసుకి తీసుకెళ్లి కూర్చోబెడితే వేలిముద్ర పడలేదు. పది వేళ్లూ పెట్టించారు. కొబ్బరి నూనె రాయమన్నారు, తుడవమన్నారు, మళ్లీ పెట్టమన్నారు. చిన్నప్పటి నుంచి నాట్లేసి, కలుపు తీసి, మినుము పీకిన వేళ్లు. గీతలు అరిగిపోయాయి. అత్తయ్య ఆ చెయ్యి చీర కొంగులో దాచుకుని "నా చెయ్యి పనికిరాదంట అమ్మాయ్" అంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఓటీపీతో చేయొచ్చన్నారు కానీ ఆధార్‌కి ఉన్న నంబరు మామయ్య పాత ఫోనుది, అది ఎప్పుడో ఆగిపోయింది. కొత్త నంబరు ఎక్కించడానికి వేరే రోజు, వేరే క్యూ. అది నమోదై, మళ్లీ స్లాటు దొరికి, పని జరిగింది మార్చి 1న. అత్తయ్య పేరుతో ఆర్సీ కాయితం మార్చి 22న చేతికొచ్చింది. డెబ్బై ఏళ్ల వయసులో ఆమె పేరు మీద మొదటి బండి. దాన్ని దేవుడి గూట్లో మామయ్య ఫోటో పక్కన పెట్టింది.

బండి పని మాత్రం ఈలోపు చెడింది. నవంబర్‌లోనే మా ఇంటికి దగ్గర్లో ఒక మెకానిక్కుకి అప్పగించాను, పేరు చెప్పను. పదివేలు అడ్వాన్సు తీసుకున్నాడు. "వచ్చే వారం మేడమ్" అని నాలుగు నెలలు తిప్పాడు. ఏప్రిల్ 14న చెప్పకుండా వెళ్లాను. షెడ్డు వెనక ఎండలో, సగం విప్పి, ఇంజన్ ఒక బస్తాలో, చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. స్పీడోమీటరు లేదు. అడిగితే "అది అసలు లేదే" అన్నాడు. నా ఫోన్లో దీపావళి రోజు తీసిన ఫోటో చూపించాను. అప్పుడు, ఎవరికో అర్జంటుగా కావాలంటే ఇచ్చానన్నాడు. మామయ్య తిరిగిన కిలోమీటర్లన్నీ అందులో ఉన్నాయి. కాలవ గట్టు అందులో ఉంది, వాన రాత్రులు అందులో ఉన్నాయి. అది మళ్లీ దొరకలేదు. ఆ రోజు అక్కడే బస్తా పక్కన కూర్చుని ఏడ్చాను. బండి ఇచ్చే ముందు ప్రతి భాగానికీ ఫోటో తీయండి. ఫోటో తీసి, అవతలి మనిషి చేత కాయితం మీద రాయించుకోండి కూడా.

అదే రోజు ట్రాలీ ఆటోలో అన్నీ ఎక్కించి తెనాలి తీసుకెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్బై దాటాయి, జావాలు, యెజ్డీలు తప్ప వేరే బండి ముట్టుకోడు అని మా స్కూల్ డ్రిల్లు మాస్టారు చెప్పారు. ఆయన ఆటో చుట్టూ ఒక్కసారి తిరిగి, క్యారియర్ దగ్గర ఆగాడు. ఆ క్యారియర్ మామూలుది కాదు, పెట్టె జారకుండా మామయ్య అటూ ఇటూ ఇనప పట్టీలు వెల్డింగ్ చేయించుకున్నాడు. పెద్దాయన ఆ పట్టీ మీద చెయ్యి పెట్టి, "ఇది రీళ్లాయన బండి గదా తల్లీ. ఈ పట్టీ నేనే కొట్టిచ్చా" అన్నాడు.

అప్పటిదాకా బిగబట్టుకున్న ఊపిరి వదిలాను.

ఆయన ముందే మూడు మాటలు చెప్పాడు. తొందర పెట్టొద్దు. సామాను డబ్బులు ఎప్పటివి అప్పుడు ఇవ్వాలి. రంగు మార్చొద్దు. చివరిది నాకు తెలియని సంగతి. నాకు పాత మెరూన్ రంగు కంటే నలుపు మీద బంగారు గీతలు బాగుంటాయనిపించింది. ఆర్సీలో ఏ రంగుంటే అదే ఉండాలి, లేకపోతే బదిలీకి తీసుకెళ్లినప్పుడు ఆపేస్తారన్నాడు. ఇంకోటి కూడా చేశాడు. రంగు గీకక ముందే ఛాసిస్ నంబరు మీద తెల్ల కాయితం పెట్టి పెన్సిలుతో రుద్ది, నంబరు అచ్చు తీసి నాకిచ్చాడు. కొత్త రంగు నిండితే ఆ అంకెలు సరిగా కనపడవు, అప్పుడు గీకిస్తారు, రంగు పాడవుతుంది. ఆ కాయితం డిసెంబర్‌లో నిజంగానే అవసరమైంది.

టూల్ బాక్సు తాళం పోయింది. స్క్రూ డ్రైవర్‌తో తెరిచాం. పాలిథిన్ కవర్లో చుట్టిన స్పార్క్ ప్లగ్గు ఒకటి, అరిగిన గరుకు కాయితం ముక్క, సైకిల్ ట్యూబు ముక్కలు, నాలుగు మడతలు పెట్టిన నేల టికెట్టు ఒకటి. టికెట్టు ఎందుకు దాచాడో నాకు అర్థం కాలేదు. పెద్దాయన నవ్వి, దాన్ని ఇంజన్లో కాంటాక్ట్ పాయింట్ల మధ్య, అంటే ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే చోట, దూర్చి చూపించాడు. వాటి మధ్య ఎంత సందు ఉండాలో కొలవడానికి గేజీ లేక, మడిచిన టికెట్టు వాడేవాడట మామయ్య. మడత అంచులు నూనెతో నల్లబడి, తోలులాగా మెత్తగా అయిపోయింది. ఆ సందు గేజీతో కొలిచాడు పెద్దాయన. 0.4 మిల్లీమీటర్లు, సరిగ్గా ఉండాల్సినంత.

ఇంజన్ విప్పడానికే పన్నెండు రోజులు పట్టింది. ప్లగ్గు రంధ్రంలోంచి డీజిల్, నూనె కలిపి పోసి వదిలేసేవాడు, మర్నాడు చెక్క ముక్క పెట్టి మెల్లగా తట్టేవాడు. సుత్తి దెబ్బ వేస్తే సిలిండరు గోడ చీలుతుందని వేయలేదు. ఏప్రిల్ 27న పిస్టన్ కదిలింది. రింగులు గాడిలోనే తుప్పు పట్టి అతుక్కుపోయాయి. క్రాంకు బేరింగులు పోయాయి. రెండు పక్కలా ఆయిల్ సీళ్లు గట్టిపడి పగిలాయి. కనెక్టింగ్ రాడ్ కిట్, పిస్టన్, బేరింగులు, సీళ్లు, కార్కు క్లచ్ ప్లేట్లు, అన్నీ కొత్తవి కావాలి.

ఇక్కడ చాలా మంది చేసే పొరపాటు నేనూ చేశాను. యెజ్డీ మళ్లీ వచ్చింది కదా అని 2022 తర్వాత తెరిచిన షోరూముకి వెళ్లి అడిగాను. వాళ్లు మర్యాదగానే చెప్పారు, ఇవి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు, పాతది టూ స్ట్రోక్, దాని ఒక్క నట్టు కూడా వీటికి సరిపోదని. పాత బండ్లు తయారైన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. 1961లో జావాగా మొదలుపెట్టి, 1973 నుంచి యెజ్డీ పేరుతో చేసిన బండ్లవి. ఇప్పుడు దొరికే సామానంతా పాత కొట్లలో మిగిలిన సరుకో, తర్వాత వేరేవాళ్లు చేసిన నకలో. మైసూరు నుంచి కొరియర్లో మూడు విడతలుగా తెప్పించాను. మొదటి విడతలో వచ్చిన క్లచ్ ప్లేట్లు చూసి పెద్దాయన గోటితో గీశాడు, కార్కు పొడిపొడిగా రాలింది. వెనక్కి పంపించాం. అవి మారి రావడానికి 19 రోజులు. అక్కడి నుంచే స్పీడోమీటరు కూడా కొన్నాను, 2,600 రూపాయలు. దాని మీద 31 వేల కిలోమీటర్ల చిల్లర ఉంది, ఎవరు తిరిగినవో. సున్నా చేయించమంటే చేస్తానన్నాడు పెద్దాయన. వద్దన్నాను. ఎవరి ప్రయాణమైనా ప్రయాణమే కదా.

సిలిండర్ బోరు, అంటే పిస్టన్ తిరిగే లోపలి రంధ్రం, కోయించడానికి విజయవాడ ఆటోనగర్ పంపాడు. అసలు బోరు 65 మిల్లీమీటర్లు. మామయ్య ఇంతకుముందే ఒకసారి కోయించాడు కాబట్టి ఈసారి ఇంకాస్త పెద్ద పిస్టన్ వేయాలి. ఆగస్టు చివర్లో ఇచ్చాం. సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. లేత్ పనిచేసే ఆయన ఇల్లు అక్కడే. నడుం లోతు నీళ్లలో పిల్లల్ని భుజం మీద పెట్టుకుని బయటికొచ్చాడట. సిలిండర్ గురించి అడగడానికి నాకు నోరు రాలేదు. అక్టోబర్ మొదటి వారంలో ఆయనే ఫోన్ చేశాడు, "మీ సామాను భద్రంగా ఉందమ్మా, ఆలస్యమైంది ఏమనుకోబాకండి" అని. ఇల్లు మునిగిన మనిషి నాకు సర్దిచెప్పాల్సిన మాటా అది? బోరు కోసి, లోపల నునుపు చేసి ఇచ్చినందుకు ఆయన అడిగింది 1,400. నేను రెండు వేలు చేతిలో పెడితే ఆరొందలు తిరిగి ఇచ్చేశాడు.

సైలెన్సర్ల పని నాకు బాగా గుర్తుండిపోయింది. టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లోనే ఆయిల్ కలుస్తుంది, అది కాలి సైలెన్సర్ లోపలి గొట్టానికి మసి గట్టిగా పేరుకుంటుంది. మామయ్య ప్రతి వేసవిలో ఆ గొట్టాలు బయటికి లాగి, పిడకల మంటలో కాల్చి, చల్లారాక కర్రతో కొట్టి మసి రాల్చేవాడు. మేం పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. పెద్దాయనా అదే చేశాడు, తెనాలిలో షెడ్డు వెనక. ఆ పొగ వాసన ముక్కుకి తగలగానే నాకు తొమ్మిదేళ్లయ్యాయి.

2024 అక్టోబర్ 27, ఆదివారం, సాయంత్రం నాలుగు దాటింది. రంగు లేదు, సీటు లేదు, లైట్లు లేవు, ఇంజనూ చక్రాలూ మాత్రమే. పెట్రోలు సీసా ఒకటి తాడుతో హ్యాండిల్‌కి వేలాడదీశాడు. "నువ్వే కొట్టు తల్లీ" అన్నాడు. మొదటి కిక్కుకి ఏమీ లేదు. రెండో దానికి ఒక దగ్గు. అయిదో దానికి అందుకుంది. షెడ్డంతా తెల్లటి పొగ. ఆ పొగలో నాకేమీ కనపడలేదు, వినపడింది ఒక్కటే. అటు పక్క టీ కొట్టు ముందు కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు లేచి వచ్చి నిలబడ్డారు. వాళ్లేమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేకపోయాను.

మిగతా పని త్వరగానే అయింది. ట్యాంకు లోపలి తుప్పు పోవడానికి గుప్పెడు నట్లు, ఆమ్లం పోసి ఇద్దరు కుర్రాళ్లు గంటసేపు ఊపారు. 16 అంగుళాల టైర్లు వెతికితే దొరికాయి. ఆరు వోల్టుల బ్యాటరీ కోసం మాత్రం మూడు ఊళ్లు తిరిగాను. క్రోము పూత ఖరీదు వింటే గుండె ఝల్లుమంది. రిమ్ములు, సైలెన్సర్లు, హ్యాండిలు, చక్రాల పుల్లలు, టైర్లతో కలిపి 19,200 అయింది. ఇంజనుకి 24,500. రంగుకి 9,000. వైరింగు, బ్యాటరీ, కాయిలు 7,800. సీటు, కేబుళ్లు, రబ్బర్లు, స్పీడోమీటరు, ఆటో బాడుగలు అన్నీ కలిపితే మొత్తం డెబ్బై వేల నాలుగు వందల చిల్లర. మొదటి మెకానిక్కు దగ్గర పోయిన పదివేలు ఇందులో లేవు. పెద్దాయన కూలి కింద ఎనిమిది వేలకి మించి తీసుకోలేదు, అదీ ఇంజను లెక్కలోనే ఉంది. ఆ పనికి ఆ డబ్బు చాలా తక్కువని నాకు తెలుసు. ఎక్కువ ఇవ్వబోతే కోపం వచ్చింది ఆయనకి.

డిసెంబర్ 8న బండి చేతికిచ్చాడు. బీమా కోసం ఆన్‌లైన్లో చూస్తే ఆ మోడలే జాబితాలో లేదు. బీమా కంపెనీ బ్రాంచికి స్వయంగా వెళ్లి, ఆర్సీ చూపించి, థర్డ్ పార్టీ వరకు రాయించుకున్నాను. 150 నుంచి 350 సీసీ లోపు బండికి అప్పటి ప్రీమియం 1,366, జీఎస్టీతో 1,612 అయింది. పొల్యూషన్ పరీక్షలో మొదటిసారి తప్పింది. చల్లటి ఇంజనుతో తీసుకెళ్లడం నా పొరపాటు. కార్బురేటర్ కాస్త సర్దించి, ఓ అయిదు కిలోమీటర్లు తిప్పి తీసుకెళ్తే పాసైంది. డిసెంబర్ 18న అత్తయ్యతో వెళ్లి ఫారం 29, 30 పెట్టాం. ఓటీపీ ఈసారి ఆమె ఫోనుకే వచ్చింది. అంకెలు తానే గట్టిగా చదివింది. మోటారు సైకిల్ బదిలీకి అసలు ఫీజు 150, మిగతా చార్జీలు వేరే. తనిఖీ చేసినాయన ఛాసిస్ నంబరు దగ్గర వంగి టార్చి వేసి చూశాడు, అంకెలు తెలియలేదు. పెన్సిల్ అచ్చు కాయితం ఇచ్చాను. పోల్చుకుని సంతకం పెట్టాడు. జనవరి 9న ఆర్సీలో నా పేరు కనపడింది.

బండి మీద మొదటి దూర ప్రయాణం భోగి నాడు, 2025 జనవరి 13. కొత్త పిస్టన్ కుదురుకునేదాకా, మొదటి 500 కిలోమీటర్లు నలభై వేగం దాటొద్దన్నాడు పెద్దాయన. ఆయిల్ లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్లు. ఒకప్పుడు ప్రతి బంకులో ఆయిల్ కలిపి పోసేవాళ్లు, ఇప్పుడు మనమే సీసా, కొలత గ్లాసు వెంట ఉంచుకోవాలి. తెల్లారి ఆరింటికి గుంటూరులో బయల్దేరాను. మంచు దట్టంగా ఉంది. వీధి వీధికీ భోగి మంటలు. తెనాలిలో పెద్దాయన షెడ్డు ముందు ఆగి హారన్ కొట్టాను. ఆయన కండువా తలకి చుట్టుకుని బయటికొచ్చి, చెవి ఇంజను దగ్గర పెట్టి కాసేపు విని, "పద" అన్నాడు. వేమూరు, భట్టిప్రోలు దాటాక మంచు విడిచింది. రోడ్డు పక్క మినప చేలు పచ్చగా కనపడ్డాయి. మూడో గేరులో, నలభైలోపు, ఎవరికీ అడ్డం రాకుండా ఎడమ వారగా నడిపాను. కిందకి చూడలేదు. అది గేరు అడిగినప్పుడు ఇచ్చాను.

రెండో ఊరి హాలు ఇప్పుడు ధాన్యం గోడౌన్. గేటు ముందు బండి ఆపి ఓ నిమిషం ఉన్నాను. తర్వాత కాలవ గట్టు ఎక్కాను.

మా వీధి మలుపు తిరగక ముందే అత్తయ్య గేటు దగ్గర ఉంది, చేతిలో చెంబు. మామయ్య వచ్చేటప్పుడు అలాగే నిలబడేది, చప్పుడు కాలవ దగ్గర వినపడగానే నీళ్లు ముంచేది. నేను బండి ఆపాను కానీ ఇంజను ఆపలేదు. ఆపితే బాగుండదనిపించింది. అత్తయ్య చెంబు నా చేతికిచ్చి, బండి వెనక్కి వెళ్లింది. ట్యాంకు చూడలేదు, మెరిసే రిమ్ములు చూడలేదు. రెండు సైలెన్సర్ల మధ్య వంగి నిలబడింది. చాలాసేపు అలాగే ఉంది.

"ఎడమది ఇంకా పలకట్లా అమ్మాయ్" అంది.

సాయంత్రం పెద్దాయనకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఎడమ గొట్టం పాతది పుచ్చిపోతే కొత్తది వేశాడట, అది అసలుదానికన్నా పొడవు. పైకి కనపడదు కదా అని నాకు చెప్పలేదు. "ఆమెకి చెవి ఉంది తల్లీ. కనుమ వెళ్లాక ఆదివారం తీసుకురా, కోద్దాం" అన్నాడు.